కవర్ లెటర్ ఎవరి అవసరం గురించి?

నమస్కారం. ఈరోజు కవర్ లెటర్ గురించి, అంటే ఉద్యోగానికి రెజ్యూమెతో పాటు పంపే ఉత్తరం గురించి మాట్లాడుకుందాం. ఈ వీడియో చేయడానికి కారణం ఒకే ఒక్క వాక్యం. "నేను కష్టపడి పనిచేసే స్వభావం కలవాడిని, అందరితో కలిసిపోతాను, అవకాశం ఇస్తే మీ సంస్థ అభివృద్ధికి కృషి చేస్తాను." దిద్దిపెట్టమని ఎవరు ఉత్తరం పంపినా అందులో ఇది ఉంటోంది. ఇంజినీరూ ఇదే రాస్తున్నారు, నర్సూ ఇదే రాస్తున్నారు. కింద పేరు మార్చి ఇంకొకరు పంపుకోగలిగితే ఆ ఉత్తరంలో మీరెక్కడున్నారు?

దీనికి మూలం బడిలో నేర్చుకున్న సెలవు చీటీ అని నా గట్టి నమ్మకం. "తమరు దయతో" అంటూ వేడుకోవడం మనకు చిన్నప్పుడే అలవాటైపోయింది. కానీ సెలవు చీటీలో అవసరం మనది. ఉద్యోగ ప్రకటన ఇచ్చినవారికి మాత్రం అవసరం వారిదే. అక్కడ ఏదో పని ఆగిపోతోంది, అందుకే మనిషి కావాలంటున్నారు. ఆ పని ఏమిటో పసిగట్టి, అది నాకు వచ్చు అని రుజువు చూపాలి. కవర్ లెటర్ చేయాల్సింది అంతే.

ఒక ఉదాహరణ తీసుకుందాం, చివరిదాకా దాన్నే పట్టుకుందాం. వరంగల్ దగ్గర ఒక జిన్నింగ్ మిల్లు, అంటే పత్తి నుంచి గింజలు వేరుచేసే మిల్లు, ఉందనుకోండి. "అకౌంటెంట్ కావలెను. బీకాం, ట్యాలీ, జీఎస్టీ తెలిసి ఉండాలి." ప్రకటన ఇంతే. ట్యాలీ అంటే పద్దులు రాసే సాఫ్ట్‌వేర్. చాలామంది ఏం రాస్తారు? బీకాం చదివాను, ట్యాలీ వచ్చు, జీఎస్టీ తెలుసు. అదంతా రెజ్యూమెలో ఉంది కదా! పాపం ఆ మిల్లు యజమాని దాన్నే రెండోసారి ఎందుకు చదవాలి?

ఇప్పుడు ఆ మిల్లు యజమాని వైపు నుంచి చూడండి. అక్టోబరు వచ్చిందంటే పత్తి బండ్లు వరుస కడతాయి. రైతు దగ్గర నేరుగా పత్తి కొంటే జీఎస్టీ రైతు కట్టడు, కొన్న మిల్లే కట్టాలి. దీన్నే రివర్స్ ఛార్జ్ అంటారు. ముందు నగదుగా కట్టి, తర్వాత క్రెడిట్ తీసుకోవాలి, అంటే కట్టినదాన్ని ఆ తర్వాతి పన్నులో తగ్గించుకోవాలి. బేళ్లు, అంటే పత్తి మూటలు, బయటికి పంపాలంటే, సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు, అంటే సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసుకునే పత్రం, ఉండాలి. నెలనెలా రిటర్నులు వేసేవారైతే 11వ తేదీలోపు అమ్మకాల వివరాలతో జీఎస్టీఆర్-1, 20వ తేదీలోపు పన్ను లెక్కతో జీఎస్టీఆర్-3బీ. గడువు దాటితే ఆలస్య రుసుము, పైన వడ్డీ. ఆయన తలనొప్పి అంతా ఇక్కడుంది. ప్రకటనలో "జీఎస్టీ" అన్న ఒక్క మాట వెనక ఇంత కథ!

ఇది తెలిసినవారు రాసే ఉత్తరం చూడండి.

(తెరపై ఉత్తరం)
"అయ్యా, మీ మిల్లులో అకౌంటెంట్ ఉద్యోగానికి దరఖాస్తు చేస్తున్నాను. గత రెండు పత్తి సీజన్లలో ఒక జిన్నింగ్ మిల్లులో రైతుల కొనుగోలు పద్దులు, రివర్స్ ఛార్జ్ చెల్లింపులు, ఈ-వే బిల్లులు నేనే చూశాను. ఆ రెండు సీజన్లలోనూ ఏ రిటర్నూ గడువు దాటలేదు. ఈసారి కొనుగోళ్లు మొదలయ్యేలోపు వచ్చి చేరగలను."

కష్టపడతాను అన్న మాట ఎక్కడా లేదు, అయినా కష్టపడే మనిషని తెలిసిపోతోంది. ఆ చివరి వాక్యమంటే నాకు ఎంతో ఇష్టం. "ఒకటో తేదీ నుంచి చేరతాను" అని ఎవరైనా రాస్తారు. "కొనుగోళ్లు మొదలయ్యేలోపు" అన్నవారికి మిల్లు సంగతి తెలుసు.

అనుభవం లేదంటారా? అదే మిల్లుకు, ఇప్పుడే డిగ్రీ పూర్తిచేసిన అమ్మాయి ఇలా రాయవచ్చు: "మా మేనమామ ఎరువుల దుకాణంలో రైతుల అప్పు ఖాతాలు రాశాను. కొనుగోలు బిల్లులను జీఎస్టీఆర్-2బీతో సరిచూశాను." 2బీ అంటే, అమ్మినవారు చూపిన బిల్లుల ప్రకారం మనకు ఎంత క్రెడిట్ వస్తుందో చెప్పే జీఎస్టీ పట్టిక. ఇలాంటి పనిని రెజ్యూమెలో ఉద్యోగం కింద చూపడానికి మొహమాటపడతారు. ఉత్తరంలో నిశ్చింతగా చెప్పండి, అది నిజమైన పని. రివర్స్ ఛార్జ్ ఎప్పుడూ చేయకపోతే చేశానని మాత్రం రాయకండి. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నకే దొరికిపోతారు. "చదువుకున్నాను, ఇంకా చేయలేదు" అంటే చాలు.

సమయం అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. ఉత్తరం ఒక పేజీ దాటకూడదు, సగం పేజీలో ముగిస్తే ఇంకా మంచిది. మెయిల్‌లో పంపేటప్పుడు ఉత్తరం మెయిల్‌లోనే రాయండి. ఖాళీ మెయిల్‌కు రెజ్యూమె తగిలించి పంపడం నాకు మర్యాదగా అనిపించదు. సబ్జెక్ట్ దగ్గర ఉద్యోగం పేరు, మీ పేరు ఉండాలి. ప్రకటనలో ఎవరి పేరైనా ఇస్తే అక్షరం పొల్లుపోకుండా రాయండి. జీతం గురించి వారు అడిగితేనే చెప్పండి. తండ్రి పేరు, పెళ్లి, మతం ఇందులో అక్కర్లేదు. కృత్రిమ మేధతో భాష దిద్దించుకుంటే తప్పులేదు, కానీ విషయం మీరే ఇవ్వాలి. ఏమీ ఇవ్వకుండా రాయమంటే మళ్లీ ఆ "కష్టపడి పనిచేసే స్వభావమే" వస్తుంది. పంపే ముందు రెజ్యూమె ఫైలుకు మీ పేరు, ఉద్యోగం పేరు పెట్టండి. "కొత్తది-2" అని ఉంటే, దించుకున్న తర్వాత అన్ని ఫైళ్ల మధ్య మీది వారికి దొరకదు.