అంగీ కింద వెండి

శ్రోతలకు నమస్కారం.

చెక్ దేశంలో ప్రాగ్ నుంచి రైలెక్కితే గంటలో కుట్నా హోరా వస్తుంది. 'కుట్నా' అంటే సన్యాసి తొడుక్కునే అంగీ, 'హోరా' అంటే కొండ. ద్రాక్షతోటలో కునుకు తీసిన ఒక సన్యాసికి లేచేసరికి పక్కనే వెండి మెరుస్తూ కనిపించిందట. ఆ చోటు గుర్తుండేలా అంగీ విప్పి కప్పి, మఠానికి పరుగెత్తాడట. కాదు, తవ్వకం అనే మాట నుంచే ఆ పేరొచ్చిందని మరికొందరంటారు. నాకైతే అంగీ కథే నచ్చింది.

ఆ మఠం ఊరి పక్కనే ఉన్న సెడ్లెట్స్ అనే చోట ఉండేది. 1142లో సిస్టర్షియన్ అనే క్రైస్తవ సంఘపు సన్యాసులు కట్టుకున్నారు. బొహీమియాలో, అంటే ఇప్పటి చెక్ దేశపు పడమటి భాగంలో, వాళ్ల మొదటి మఠం అదే. దుక్కి దున్నుకుని బతికే మనుషులు. తమ పొలాల దగ్గరే వెండి ఉందని వాళ్లకేం తెలుసు? పదమూడో శతాబ్దం చివరికి గనులు తెరుచుకున్నాయి, జనం ఎగబడ్డారు, ఊరు పుట్టింది. 1300లో రాజు రెండో వాత్స్లావ్ గనులకు చట్టం రాయించి, ఇటలీ నిపుణులను పిలిపించి, ఇక్కడే ప్రాగ్ గ్రోష్ అనే వెండి నాణెం కొట్టించాడు. ఆ టంకశాలను ఇప్పటికీ 'ఇటాలియన్ల నగరు' అనే పిలుస్తారు.

1421లో, క్యాథలిక్ చర్చి మీద తిరగబడ్డ హుస్సైట్ల యుద్ధంలో మఠం తగలబడిపోయింది. దాని పెద్ద చర్చి మొండిగోడలతో సుమారు మూడు వందల ఏళ్లు అలాగే పడి ఉంది. శాంటినీ అనే వాస్తుశిల్పి వచ్చాకే దానికి మళ్లీ కప్పు పడింది. ఆ సంబరమూ ఎంతోకాలం నిలవలేదు. బడో ఆసుపత్రో నడపని మఠాలు దండగ అనుకున్న చక్రవర్తి రెండో జోసెఫ్, 1783లో దీన్ని మూయించాడు. 1812లో ఆ గదుల్లోకి పొగాకు ఫ్యాక్టరీ వచ్చింది. జపాలు చేసుకున్న చోట పొగాకు ఘాటు!

ఇక అసలు జనం వచ్చేది మఠం శ్మశానంలో ఉన్న చిన్న చర్చికి. మఠాధిపతి ఒకరు యెరూషలేము నుంచి గుప్పెడు మట్టి తెచ్చి ఆ శ్మశానంలో చల్లాడని చెబుతారు. అంతే, ఎక్కడెక్కడివాళ్లూ తమను అక్కడే పూడ్చాలన్నారు. ఆపైన ప్లేగు, యుద్ధాలు. కనీసం నలభై వేల మంది ఎముకలు పోగుపడ్డాయి.

మఠం ఆస్తి కొన్న ష్వార్జెన్‌బర్గ్ ప్రభువులు 1870లో ఫ్రాంటిషెక్ రింట్ అనే చెక్క పనివాడికి ఆ ఎముకల్ని సర్దే పని అప్పగించారు. మనమైతే దడుచుకుంటాం. అతను నింపాదిగా వాటితో షాండ్లియర్ కట్టాడు, పుర్రెల తోరణాలు వేలాడదీశాడు, ప్రభువుల వంశచిహ్నమూ పేర్చాడు. అందులో ఒక కాకి, తెగిన తల కన్ను పొడుస్తుంటుంది. అన్నీ అయ్యాక గోడ మీద తన పేరు, ఊరు, సంవత్సరం రాసుకున్నాడు, ఎముకలతోనే.