అద్దెలు వస్తున్నా ప్రాపర్టీ కంపెనీకి నష్టం ఎందుకు?

[స్క్రీన్ మీద: లాభనష్టాల ఖాతా, ఒక వరుస పసుపు రంగులో]

అద్దెలు టైముకి వస్తున్నాయి, బిల్డింగ్‌లు నిండుగా ఉన్నాయి. అయినా రిజల్ట్స్‌లో నష్టం, షేర్ ధర ఢమాల్. కారణం ఈ వరుసే: ఇంపెయిర్‌మెంట్ ఛార్జ్.

పుస్తకాల్లో ఆస్తికి రాసుకున్న విలువ, దాని నుంచి నిజంగా రాబట్టగలిగే మొత్తం కంటే ఎక్కువని తేలితే, ఆ తేడాను నష్టంగా రాయాలి. అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం ఐఏఎస్ 36 చెప్పేది ఇదే. రాబట్టగలిగేది ఎంత? అమ్మితే ఖర్చులు పోను చేతికొచ్చేది ఒకటి. ఉంచుకుంటే మున్ముందు వచ్చే డబ్బుకి ఈ రోజు విలువ ఇంకొకటి. రెండింట్లో ఏది ఎక్కువైతే అది.

[స్క్రీన్ మీద: 8 ÷ 8% = 100. 8 ÷ 9.5% = 84]

ఒక ఆఫీస్ బిల్డింగ్ తీసుకుందాం. పుస్తక విలువ 100 కోట్లు. ఖర్చులు పోను ఏటా 8 కోట్ల అద్దె, ఎప్పటికీ అలాగే వస్తుందనుకుందాం. మున్ముందు వచ్చే డబ్బుని ఈ రోజు విలువకి తగ్గించే రేటునే డిస్కౌంట్ రేటు అంటారు. అది 8 శాతమైతే విలువ సరిగ్గా 100 కోట్లు. వడ్డీలు పెరిగి ఆ రేటు 9.5కి చేరితే సుమారు 84 కోట్లే. అమ్మితే 78 వస్తాయనుకోండి, అప్పుడు 84నే తీసుకుంటాం. ఛార్జ్ 16 కోట్లు. చూశారా, ఒక్క అద్దెదారు కూడా ఖాళీ చేయలేదు!

"ఇది నాన్-క్యాష్, కంగారు పడొద్దు" అంటుంటాయి మేనేజ్‌మెంట్‌లు. నాన్-క్యాష్, అంటే ఇప్పుడు డబ్బు బయటికి పోదు అన్నది నిజమే. కంగారు పడొద్దన్నదాంతో మాత్రం నేను ఒప్పుకోను. డబ్బు ఆస్తి కొన్నప్పుడే బయటికి వెళ్లిపోయింది, అందులో కొంత తిరిగి రాదని ఇప్పుడు ఒప్పుకుంటున్నారు. పైగా అప్పు ఉంది. ఈ బిల్డింగ్ మీద 55 కోట్ల లోన్ ఉండి, బ్యాంకు వాల్యుయేషన్ 100 నుంచి 80కి దిగితే, విలువలో అప్పు వాటా 55 శాతం నుంచి దాదాపు 69కి ఎక్కుతుంది. ఒప్పందంలో పరిమితి 65 అయితే, బ్యాంకు కొంత ముందే కట్టమని అడగొచ్చు. అప్పుడు కదిలేది అసలు క్యాషే.

ఇంకో తికమక ఉంది. పెట్టుబడి ఆస్తులను (అద్దెకిచ్చే బిల్డింగ్‌ల లాంటివి) ఫెయిర్ వాల్యూలో, అంటే ఇప్పటి మార్కెట్ విలువలో చూపే కంపెనీలకు వాటిపై ఈ ఇంపెయిర్‌మెంట్ పరీక్షే లేదు, విలువ మారిన ప్రతిసారీ నేరుగా లాభనష్టాల్లోకి వెళ్తుంది. అమ్మకానికి కట్టిన ఫ్లాట్లు సరుకు నిల్వ కిందకి వస్తాయి, వాటికి వేరే ప్రమాణం, ఐఏఎస్ 2. పద్ధతి చూడకుండా రెండు కంపెనీలను పోల్చకండి.

[స్క్రీన్ మీద: వార్షిక నివేదికలో నోట్స్ పేజీ]

నేనైతే ముందు నోట్స్ తెరుస్తాను. డిస్కౌంట్ రేటు ఎంత, పోయినేడాది ఎంత, అద్దెలు ఎంత పెరుగుతాయనుకున్నారు? మార్కెట్లో వడ్డీలు పెరిగినా వీళ్ల రేటు కదలకపోతే, ఇంకా రాయాల్సిన నష్టం మిగిలి ఉందేమో అనుమానించాలి. కొత్త సీఈఓ వచ్చిన ఏడాదే భారీ ఛార్జ్ పడినా జాగ్రత్తగా చూడండి, నష్టమంతా పాతవాళ్ల ఖాతాలో వేసి తర్వాతి లాభాలు బాగా కనిపించేలా చేస్తున్నారేమో. తర్వాత విలువ కోలుకుంటే, గుడ్‌విల్ (వేరే కంపెనీని కొన్నప్పుడు దాని నికర ఆస్తుల విలువ కంటే ఎక్కువ ఇచ్చిన మొత్తం) మీద తప్ప మిగతా ఛార్జ్‌ను వెనక్కి తిప్పి లాభంలో కలపొచ్చు. అలా తిరిగొచ్చిన మొత్తాన్ని తీసేసి, అద్దెల మీద మిగిలింది ఎంతో విడిగా లెక్కేయండి.