ఇంటి కాగితాల మీద పిల్లల పేర్లు: అమెరికాలో జపనీస్ రెండో తరం కథ

[స్క్రీన్ మీద: రెండంతస్తుల పాత చెక్క ఇల్లు. లెమన్ స్ట్రీట్, రివర్‌సైడ్, కాలిఫోర్నియా]

ఈ ఇల్లు 1915లో కొన్నారు. డబ్బు పెట్టింది జపాన్ నుంచి వచ్చిన జూకిచి హరాడా అనే ఆయన, ఊళ్ళో ఓ రెస్టారెంట్ నడుపుకునేవాడు. అంతకుముందు ఇరుకు గదుల్లో ఉన్నప్పుడు ఓ కొడుకు డిఫ్తీరియాతో పోయాడు, ఇక ఆ గాలిలో పిల్లల్ని పెంచకూడదనుకుని ఇల్లు చూసుకున్నాడు. అయితే కాగితాల మీద ఆయన పేరు లేదు, ఆయన భార్య కెన్ పేరూ లేదు. మరి ఓనర్లు ఎవరయ్యా అంటే మీనే, సుమి, యోషిజో. ముగ్గురూ చిన్నపిల్లలు, వాళ్ళ కన్నబిడ్డలే.

మన దగ్గర కూడా పిల్లల పేరు మీద స్థలం కొంటారు కదా, అందులో వింతేముంది అంటారేమో. మనం కొనేది ముద్దుకో, ట్యాక్స్ కోసమో. హరాడా కొన్నది ఇంకో దారి లేక.

1913లో కాలిఫోర్నియా ఓ చట్టం చేసింది. అందులో జపనీస్ అన్న మాట ఒక్కచోట కూడా ఉండదు, చూడండి, తెలివి అక్కడే ఉంది. "పౌరసత్వానికి అర్హత లేని విదేశీయులు" భూమి కొనకూడదు అని రాశారు, అంతే. ఎవరికి అర్హత లేదు? అప్పటి ఫెడరల్ చట్టం ప్రకారం తెల్లవాళ్ళు, ఆఫ్రికన్ మూలాలున్నవాళ్ళు మాత్రమే అమెరికన్ పౌరులుగా మారొచ్చు. జపాన్ నుంచి వచ్చినవాడు ఎన్నేళ్ళున్నా విదేశీయుడే. తకావో ఒజావా అనే ఆయన కాలిఫోర్నియాలో చదువుకుని, ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడుతూ, నాకెందుకివ్వరు అని సుప్రీంకోర్టు దాకా వెళ్తే 1922 నవంబర్‌లో కుదరదు పొమ్మన్నారు. మూడు నెలలు దాటగానే, 1923 ఫిబ్రవరి 19న, అదే కోర్టు మన భారతీయుడు భగత్ సింగ్ థిండ్‌కి కూడా అదే మాట చెప్పింది, ఆయన అమెరికా సైన్యంలో పనిచేసినవాడు అయినా సరే. ఈ ఫిబ్రవరి 19 తేదీ గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

అయితే అమెరికా గడ్డ మీద పుట్టిన పిల్లల సంగతి వేరు. 1898లో వాంగ్ కిమ్ ఆర్క్ అనే చైనీస్ వంట మనిషి కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది, ఇక్కడ పుడితే పౌరుడే అని. హెచ్‌వన్ మీద ఉండి అక్కడ బిడ్డని కన్న మనవాళ్ళ ఇళ్ళల్లో బిడ్డకి బ్లూ పాస్‌పోర్టు వచ్చేది ఈ వంటాయన పుణ్యమే.

సరే, ఇప్పుడు ఆ ఇంట్లో పరిస్థితి ఊహించుకోండి. అమ్మానాన్నలకి ఓటు లేదు, భూమి లేదు, ఇంగ్లీషు అంతంతమాత్రం. నాలుగడుగుల పిల్లకి అన్నీ ఉన్నాయి. బ్యాంకు ఉత్తరం వచ్చినా, డాక్టర్ దగ్గరికెళ్ళినా చదివి చెప్పాల్సింది ఆ పిల్లే. ఇరుగుపొరుగు వాళ్ళు హరాడాని ఇల్లు అమ్మేయమన్నారు, కొన్న రేటు కన్నా ఎక్కువే ఇస్తామన్నారు. ఆయన కదల్లేదు. కాలిఫోర్నియా రాష్ట్రం కేసు పెట్టింది. 1918లో జడ్జి చెప్పిందేంటంటే, తండ్రికి హక్కు లేకపోవచ్చు, పిల్లలు అమెరికన్లు, కాబట్టి ఇల్లు వాళ్ళదే. గెలిచారు. పిల్లలు గెలిపించారు అనాలేమో.

[స్క్రీన్ మీద: ఇస్సే, నిసే, సాన్సే, యోన్సే]

జపనీస్‌లో ఒకటి ఇచి, రెండు ని, మూడు సాన్, నాలుగు యోన్. వలస వచ్చినవాళ్ళు ఇస్సే, వాళ్ళ పిల్లలు నిసే, మనవలు సాన్సే, మునిమనవలు యోన్సే. తరాలని ఇలా లెక్కపెట్టి పేర్లు పెట్టుకోవడం నాకు భలే నచ్చింది. మనవాళ్ళ పిల్లలకి ఏబీసీడీ, అంటే అమెరికాలో పుట్టిన అయోమయం దేశీ, అని ఓ వెటకారం పేరు పెట్టి ఊరుకున్నాం.

నిసేల్లో చాలామందికి రెండు పేర్లు. నార్మన్ యోషియో, ఫ్రెడ్ తోయోసాబురో. బడిలో మొదటిది, ఇంట్లో రెండోది. బడి అయ్యాక ఇంకో బడి, జపనీస్ నేర్చుకోవడానికి. మిగతా పిల్లలు బేస్‌బాల్‌కి పోతుంటే వీళ్ళు అక్షరాలు దిద్దుకుంటూ కూర్చోవాలి. ఇష్టంగా పోయినవాళ్ళు తక్కువే, పెద్దయ్యాక చాలామంది నవ్వుతూ ఒప్పుకున్నారు కూడా. ఆదివారం పొద్దున్నే తెలుగు క్లాసుకి కార్లో ఎక్కించబడే డల్లాస్, న్యూజెర్సీ పిల్లలకి ఈ బాధ విడమరిచి చెప్పక్కర్లేదు. హవాయిలో అయితే ప్రభుత్వం ఈ బడుల మీద ఆంక్షలు పెడితే అవి కోర్టుకెళ్ళి 1927లో సుప్రీంకోర్టులో గెలిచాయి. ఏ భాష నేర్పించుకోవాలో తల్లిదండ్రుల ఇష్టం అన్నారు.

ఇస్సేల నోట ఓ మాట ఎప్పుడూ ఉండేది, "కోదోమో నో తమే ని". పిల్లల కోసం అని అర్థం. పొలంలో నడుం విరిగినా అదే మాట. విన్న పిల్లల మీద ఎంత బరువో. అంత చేసి ఇంజినీరింగ్ డిగ్రీ తెచ్చుకుంటే, 1930లలో లాస్ ఏంజెలెస్‌లో ఆ డిగ్రీ పట్టుకుని పళ్ళ దుకాణంలో ఆపిల్స్ పేర్చినవాళ్ళు ఉన్నారు. తెల్లవాళ్ళ ఆఫీసుల్లో ఉద్యోగం ఇస్తే కదా.

[స్క్రీన్ మీద: 1941 డిసెంబర్ 7]

పెర్ల్ హార్బర్ మీద జపాన్ బాంబులు వేసింది. ఆ రాత్రి నుంచే ఎఫ్‌బీఐ వాళ్ళు ఇస్సే పెద్దమనుషుల్ని, గుడి పూజారుల్ని, జపనీస్ బడి టీచర్లని పట్టుకుపోయారు. చాలా ఇళ్ళల్లో పెరట్లో గొయ్యి తీసి జపనీస్ పుస్తకాలు, తాతయ్య ఉత్తరాలు, ఆడపిల్లల పండగ బొమ్మలు పాతిపెట్టారు, కొందరు కాల్చేశారు. అప్పటిదాకా కష్టపడి నేర్చుకున్న అక్షరాలున్న కాగితాలే అవి.

1942 ఫిబ్రవరి 19న ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ 9066 నంబర్ ఆర్డర్ మీద సంతకం పెట్టాడు. పశ్చిమ తీరంలో ఉన్న జపనీస్ వాళ్ళు దాదాపు 1,20,000 మందిని నిర్బంధ క్యాంపులకి తరలించారు. వాళ్ళలో మూడింట రెండొంతులు అమెరికాలో పుట్టిన పౌరులు. చేతులతో మోసుకోగలిగినంత తెచ్చుకోండి అన్నారు. కుటుంబానికి ఒక నంబర్, కోటుకి కట్టిన చీటీ మీద ఆ నంబర్.

శాన్ హోసేలో నార్మన్ మినేటా అనే పదేళ్ళ పిల్లాడు స్కౌట్ యూనిఫాం వేసుకుని, బేస్‌బాల్ బ్యాట్ పట్టుకుని రైలు దగ్గరికొచ్చాడు. ఆయుధంగా వాడొచ్చని చెప్పి మిలిటరీ పోలీసులు ఆ బ్యాట్ లాక్కున్నారు. ముందు శాంటా అనీటా గుర్రప్పందేల మైదానం, అక్కడ కొన్ని కుటుంబాలని గుర్రాల కొట్టాల్లో పెట్టారు, తర్వాత వ్యోమింగ్‌లో హార్ట్ మౌంటెన్. తారు కాగితం కప్పిన చెక్క షెడ్లు, చుట్టూ ముళ్ళకంచె. క్యాంపు బడిలో పొద్దున్నే పిల్లలంతా అమెరికా జెండాకి దండం పెట్టి ప్రతిజ్ఞ చెప్పాలి.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది ముళ్ళకంచె కన్నా క్యాంపు భోజనశాల. వందల మందికి ఒకేచోట వంట. పిల్లలు స్నేహితులతో ఓ బల్ల దగ్గర, అమ్మ చంటిదాన్ని వేసుకుని ఇంకోచోట, నాన్న మగవాళ్ళతో. ఇంటిల్లిపాదీ కలిసి తినడం ఆగిపోయింది. నాన్నకి షాపు లేదు, పొలం లేదు, ఆయన మాట వినాల్సిన అవసరం ఎవరికీ లేదు. పైగా మొదట్లో క్యాంపు కమిటీల్లో ఎన్నికయ్యే హక్కు నిసేలకి మాత్రమే ఇచ్చారు. ఇల్లు పిల్లల పేరు మీద ఉన్నప్పుడు కూడా పెద్దరికం నాన్న దగ్గరే ఉండేది, క్యాంపులో అది కూడా పోయింది.

1943లో ఓ ఫారం ఇచ్చారు. ఇరవై ఏడో ప్రశ్న, అమెరికా సైన్యంలో పనిచేస్తావా? ఇరవై ఎనిమిది, జపాన్ చక్రవర్తికి విధేయత వదులుకుంటావా? కొడుకేమో ఎన్నడూ లేని విధేయతని ఎలా వదులుకోవాలి అని బుర్ర గోక్కోవాలి. తండ్రి అవునంటే ఉన్న ఒక్క జపాన్ పౌరసత్వం పోయి ఏ దేశానికీ కాకుండా పోతాడు. ఒకే ఇంట్లో అన్న అవునని, తమ్ముడు కాదని రాసి ఏళ్ళ తరబడి మాట్లాడుకోని కుటుంబాలు ఉన్నాయి. అవునన్న కుర్రాళ్ళు చాలామంది జపనీస్ అమెరికన్ల సైనిక దళం 442వ రెజిమెంట్‌లో చేరి ఇటలీ, ఫ్రాన్స్‌లలో పోరాడారు. కొడుకు యుద్ధంలో చనిపోయాడన్న టెలిగ్రామ్ ముళ్ళకంచె లోపల ఉన్న తల్లికి వచ్చేది. దీని మీద నేనేమీ కలపను.

బయటికొచ్చాక నిసేలు నోరు కుట్టేసుకున్నారు. షికత గ నాయ్ అంటారు, చేసేదేం లేదు అని. సాన్సే పిల్లలు పెద్దవాళ్ళ మాటల్లో "క్యాంప్" అని విని వేసవి సెలవుల్లో వెళ్ళే క్యాంప్ అనుకునేవాళ్ళట. 1981లో ఈ క్యాంపుల మీద ప్రభుత్వ కమిషన్ విచారణలు పెట్టినప్పుడు, అరవై దాటిన మనుషులు మైకు ముందు కూర్చుని మొదటిసారి చెప్తుంటే వెనక కూర్చున్న సొంత పిల్లలు అప్పుడే విన్నారు.

నార్మన్ మినేటా కాంగ్రెస్‌కి వెళ్ళాడు. హార్ట్ మౌంటెన్‌కి వచ్చిన బయటి స్కౌట్ పిల్లాడు అలన్ సింప్సన్ అక్కడే దోస్త్ అయ్యాడు, తర్వాత సెనేటర్ అయ్యాడు, వేరే పార్టీ. ఇద్దరూ కలిసి నిలబడిన చట్టం 1988లో వచ్చింది, బతికున్న ఒక్కొక్కరికీ క్షమాపణ, 20,000 డాలర్లు. ఈ బ్యాట్ కథ విని ఓ అభిమాని మినేటాకి బేస్‌బాల్ స్టార్ హ్యాంక్ ఆరన్ బ్యాట్ బహుమతిగా పంపాడు. ఖరీదు 1,500 డాలర్లు. అప్పట్లో కాంగ్రెస్ సభ్యులు 250 డాలర్లకి మించిన గిఫ్ట్ తీసుకోకూడదు, తిరిగి పంపేశాడు. గవర్నమెంట్ మళ్ళీ నా బ్యాట్ తీసుకుంది అని నవ్వాడట.

[స్క్రీన్ మీద: మళ్ళీ లెమన్ స్ట్రీట్ ఇల్లు]

ఇక ఆ ఇల్లు. జూకిచి, కెన్ ఇద్దరూ యూటాలోని టోపాజ్ క్యాంపులోనే పోయారు. వాళ్ళు లేనన్నాళ్ళూ జెస్ స్టెబ్లర్ అనే స్నేహితుడు ఇంటిని కనిపెట్టుకుని ఉన్నాడు. యుద్ధం అయ్యాక సుమి తిరిగొచ్చింది, క్యాంపుల నుంచి వచ్చి ఉండటానికి చోటు లేనివాళ్ళకి గదులిచ్చింది. ఆ ఇంట్లోనే ముసలిదైంది. మేడ మీద పడకగది గోడకి, ఇల్లు వదిలిన రోజున తమ్ముడు హెరాల్డ్ 1942 మే నెల తేదీ వేసి, టైముతో సహా రాసిన ఒక వాక్యం ఉంది. సుమి దాన్ని చెరపలేదు.