అగ్నిపర్వతం కిట్ రివ్యూ: నురగ బాగుంది, సైన్స్ సగమే ఉంది

అందరికీ నమస్కారం. స్కూళ్లలో సైన్స్ ఎగ్జిబిషన్లు మొదలయ్యాయి కదా, బీసెంట్ రోడ్డులో ఏ షాపులో చూసినా ఈ అగ్నిపర్వతం కిట్లే. మా మేనల్లుడి కోసం ఒకటి తెచ్చాను. కంపెనీ పేరు చెప్పను, మార్కెట్లో ఉన్నవన్నీ దాదాపు ఒకే సరుకు.

డబ్బాలో ప్లాస్టర్ పొడి, అచ్చు, రంగులు, వంట సోడా ఉన్నాయి. వెనిగర్ మనమే కొనుక్కోవాలి. ప్లాస్టర్ ఆరడానికి ఒక పూట పడుతుందని రాశారు. బెజవాడ ఎండలో డాబా మీద పెడితే అంతసేపు అక్కర్లేదు.

ఇదిగో, పోస్తున్నాను... వచ్చేసింది! ఎర్రటి నురగ, చూడ్డానికి బానే ఉంది. కింద పాత పేపర్లు పరుచుకోండి, లేకపోతే ఇంట్లో తిట్లు తప్పవు.

అసలు గొడవ కిట్‌తో ఇచ్చిన ఈ కాగితంతో. 'అగ్నిపర్వతం ఇలాగే పేలుతుంది' అని రాశారు. ఇలా పేలదండీ. ఇక్కడ సోడా, వెనిగర్ కలిసి అప్పటికప్పుడు గ్యాస్ పుట్టింది. భూమి లోపల కరిగిన రాయిలో, అంటే మాగ్మాలో, నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ ముందే కరిగి ఉంటాయి. మాగ్మా పైకి వచ్చేకొద్దీ ఒత్తిడి తగ్గి, ఆ గ్యాస్ బుడగలై విడిపోతుంది. దీన్ని చూపించడానికి కిట్ కంటే గోళీ సోడా నయం. గోళీ నొక్కాను, బుస్సుమంది చూశారా? కరిగి ఉన్న గ్యాస్ అంతా ఒత్తిడి పోగానే బయటికొచ్చింది.

హవాయిలో లాగా మాగ్మా పల్చగా ఉంటే గ్యాస్ తేలిగ్గా తప్పించుకుంటుంది, లావా పారుతుంది. సిలికా (ఇసుకలో ఉండే పదార్థం) ఎక్కువై చిక్కగా ఉంటే గ్యాస్ లోపలే ఇరుక్కుని చివరికి పేలుస్తుంది. 1980 మే 18న అమెరికాలోని సెయింట్ హెలెన్స్ అగ్నిపర్వతం దగ్గర భూకంపానికి కొండ ఉత్తరం వైపు మొత్తం జారిపోయింది. లోపలి ఒత్తిడికి అడ్డు పోయేసరికి పేలుడు పైకి కాకుండా పక్కకి తన్నింది. 57 మంది చనిపోయారు.

ఇంకో లోటు, కిట్‌లో ప్రమాదం అంటే లావా ఒక్కటే. నిజానికి చాలాసార్లు లావా మెల్లగా వస్తుంది. ఇళ్లు పోతాయి కానీ మనుషులు తప్పుకోగలరు. మనుషుల్ని చంపేవి వేరే. 1902లో మార్టినిక్ దీవిలో సెయింట్ పియర్ ఊరిని కాల్చేసింది వేడి గ్యాస్, బూడిద కలిసిన మేఘం. నిమిషాల్లో దాదాపు 28 వేల మంది పోయారు.

1985లో కొలంబియాది ఇంకా ఘోరం. నెవాడో డెల్ రూయిజ్ పేలుడు పెద్దదేం కాదు. కానీ శిఖరం మీద మంచు కరిగి, బూడిదతో కలిసి, బురదై లోయల వెంట దిగింది. లహార్ అంటారు దాన్ని. పదుల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆర్మెరో ఊరికి చేరడానికి రెండు గంటలకు పైనే పట్టింది. ప్రమాదం ఎటు రావచ్చో చూపించే మ్యాప్ అంతకుముందే తయారైంది, అందులో ఆర్మెరో కూడా ఉంది. అయినా ఊరు ఖాళీ చేయించలేదు. సుమారు 23 వేల మంది చనిపోయారు. 2024లో బుడమేరు వరద తర్వాత సింగ్‌నగర్‌లో ఇళ్లలోంచి బురద ఎత్తినవాళ్లకి నీళ్లకి, బురదకి తేడా నేను చెప్పక్కర్లేదు.

ఇక బూడిద. ఇది కట్టెల బూడిద కాదు, నలిగిన రాయి, గాజు ముక్కలు. తడిస్తే బరువెక్కుతుంది. 1991లో ఫిలిప్పీన్స్‌లో పినాటుబో పేలిన సమయానికే తుఫాను వచ్చింది. తడి బూడిద బరువుకి కప్పులు కూలి చాలామంది పోయారు. ఎగ్జిబిషన్‌లో చెప్పుకోవడానికి మన దగ్గరే ఒక మంచి పాయింట్ ఉంది: సుమారు 74 వేల ఏళ్ల కిందట సుమత్రాలో టోబా పేలినప్పటి బూడిద ఇప్పటికీ నంద్యాల జిల్లా జ్వాలాపురంలో పొరలుగా కనిపిస్తుంది.

మన దేశంలో అగ్నిపర్వతం ఉందా అని జడ్జి అడిగితే అండమాన్ దగ్గర బారెన్ దీవి అని చెప్పమనండి. చాలాకాలం నిద్రపోయి 1991లో మళ్లీ లేచింది.

రేటింగ్? బొమ్మకి ఐదుకి నాలుగు, కాగితానికి ఒకటి. కిట్ కొనండి, కాగితం పక్కన పెట్టి చార్ట్ మీరే రాయండి. టేబుల్ మీద ఒక గోళీ సోడా కూడా పెట్టండి.