రోజూ తల ఊపితే తల తిరగడం తగ్గుతుందా? ఆరు వారాల రివ్యూ

అందరికీ నమస్తే. ఈ ఛానెల్లో ఎప్పుడూ మిక్సీలు, కూలర్లు చూపిస్తుంటాను కదా, ఈసారి చూపించేది ఇదిగో, గోడకు అతికించిన ఈ కాగితం. దాని మీద స్కెచ్ పెన్నుతో రాసిన ‘క’ అక్షరం. అంతే, ఇంకేం లేదు.

పోయిన ఏడాది ఒకరోజు పొద్దున్నే లేచేసరికి ఇల్లంతా గిర్రున తిరిగింది, ఒకటే వాంతులు. మెడ అరిగిందన్నారు, గ్యాస్ అన్నారు, మా పెద్దమ్మైతే దిష్టి తీసి ఉప్పు పొయ్యిలో వేసింది. చివరికి తేలిందేంటంటే, లోపలి చెవి నుంచి మెదడుకు పోయే నరం ఒకవైపు వాచిందట, వెస్టిబ్యులర్ న్యూరైటిస్. తిరగడం వారంలో తగ్గింది గానీ అసలు బాధ ఆ తర్వాతే మొదలైంది. నెల్లూరు ట్రంకు రోడ్డు దాటాలంటే అటూ ఇటూ చూడాలా, తల తిప్పితే చాలు, బస్సులు, బోర్డులు అన్నీ చెరిపేసినట్టు జారిపోయేవి.

ఎందుకంటే మనం తల కుడికి తిప్పితే కళ్ళు అంతే వేగంగా ఎడమకి తిరగాలి, అప్పుడే చూపు నిలుస్తుంది. ఎంత తిరగాలో లెక్క చెప్పేది లోపలి చెవి. ఒక చెవి సరిగ్గా చెప్పకపోతే లెక్క తప్పుతుంది. మనవాళ్ళు ‘కళ్ళు తిరుగుతున్నాయి’ అంటారే, అది ఉత్తి మాట కాదండీ, గిర్రున తిరిగే టైములో కనుగుడ్లు నిజంగానే కదులుతుంటాయి, డాక్టర్లు ముందు చూసేదీ దాన్నే.

నేను చేసిన తప్పు, తల తిరగడం అణిచే సిన్నరిజిన్ బిళ్ళలు నాలుగు నెలలు మింగడం. మొదటి రెండు మూడు రోజులు అలాంటివి కావాలి, కాదనను. కానీ లెక్క తప్పిందని తెలిస్తేనే మెదడు దిద్దుకుంటుంది, బిళ్ళ ఆ తప్పునే కప్పేస్తుంది. ఎప్పుడు ఆపాలో బిళ్ళలు రాసిన ఆసుపత్రిలో చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇక ఎక్సర్‌సైజు. కాగితం చెయ్యి చాచినంత దూరంలో ఉండాలి, చూపు ‘క’ మీద నిలిపి తల అడ్డంగా, తర్వాత నిలువుగా ఊపాలి, అక్షరం చెదిరిపోయేంత వేగం కాకుండా దానికి కాస్త తక్కువలో. నాలాగా పాతబడిన కేసులకి రోజు మొత్తం మీద కనీసం 20 నిమిషాలు, నాలుగు నుంచి ఆరు వారాలు అని అమెరికా ఫిజియోథెరపిస్టుల 2022 గైడ్‌లైన్ చెబుతోంది. ఇదేం కొత్త పిచ్చి కాదు, 1940ల్లోనే ఇంగ్లండ్‌లో కాథోర్న్, కుక్సీ అనే ఇద్దరు మొదలుపెట్టారు. 2015లో కాక్రేన్ వాళ్ళు, అంటే వైద్య అధ్యయనాలన్నీ కలిపి జల్లెడపట్టే సంస్థ వాళ్ళు, 39 అధ్యయనాలు, 2441 మంది పేషెంట్లను కలిపి చూసి, ఒకవైపు చెవి దెబ్బతిన్నవాళ్ళకి ఇది పనిచేస్తుంది, ప్రమాదం లేదు అన్నారు.

మరి మైనస్‌లు? మొదటి వారం తల తిరగడం ఎక్కువైంది, చాలామంది మానేసేది ఇక్కడే. కాసేపటికి సర్దుకుంటే పర్లేదు, గంటలకొద్దీ తగ్గకపోతే వేగం తగ్గించమంది మా ఫిజియో మేడం. పైగా పరమ బోరు. నాలుగో వారం మైపాడు బీచ్‌లో ఇసుక మీద తల తిప్పుతూ నడిచా, అల వెనక్కి పోతూ కాళ్ళ కింద ఇసుక లాగేసరికి కూలబడ్డా. మా తమ్ముడు పక్కన ఉన్నాడు కాబట్టి సరిపోయింది, ఒంటరిగా మాత్రం చెయ్యొద్దు.

పక్క మీద దొర్లినప్పుడే తల గిర్రున తిరిగి, ఒక నిమిషం లోపే ఆగిపోతుందా? అయితే ఈ కాగితం మీకు కాదు. అది చాలాసార్లు చెవిలో కాల్షియం పలుకులు చోటు తప్పడం వల్ల, దానికి ఎప్లీ పద్ధతి ఉంది, ఈఎన్‌టీ డాక్టరు మంచం మీద పడుకోబెట్టి తల తిప్పుతారు, చాలామందికి ఒకటి రెండుసార్లకే పోతుంది. మాట తడబడినా, చెయ్యో కాలో పట్టు తప్పినా, ఒకటి రెండుగా కనిపించినా ఈ వీడియో ఆపేసి వెంటనే ఆసుపత్రికి పోండి.

రేటింగ్ అడుగుతారు కాబట్టి, 10కి 8. ట్రంకు రోడ్డు ఇప్పుడు మామూలుగానే దాటుతున్నా. ఆ రెండు మార్కులు ఎందుకు కోశానంటే, రాత్రి కరెంటు పోతే ఇప్పటికీ గోడ పట్టుకునే బాత్రూముకి పోతున్నా.