కవర్ కావాలా?

[తెర మీద: బిల్లింగ్ కౌంటర్. సరుకులు ఒక్కొక్కటే స్కానర్ మీదుగా జారుతుంటాయి. బీప్. బీప్. బీప్.]

వాయిస్:
ఈ సీన్ మీకు కొత్తేమీ కాదు. సామాన్లన్నీ స్కాన్ అయిపోయాయి. మీరు పర్సు తీశారు. కౌంటర్ దగ్గరున్న అమ్మాయి తలెత్తకుండానే అడుగుతుంది. "కవర్ కావాలా?"

మీ చెయ్యి ఆగిపోతుంది. ఇంట్లో తలుపు వెనక మేకుకు వేలాడే సంచి గుర్తొస్తుంది. ఒకటి కూడా కాదు, నాలుగున్నాయి, ఒకదాంట్లో ఒకటి దూర్చి మరీ. వెనకాల లైన్లో ఉన్నాయన గట్టిగా ఊపిరి వదులుతాడు. మీరు "అక్కర్లేదండీ" అనేస్తారు.

[తెర మీద: క్లోజప్. సబ్బులు జేబుల్లోకి. సీసా చంకలోకి. రెండు డబ్బాలు ఒకదాని మీద ఒకటి, పైదాన్ని గడ్డంతో అదిమిపెట్టి నడక.]

ఇంత సర్కస్ చేసి మిగిల్చుకున్నది ఎంత? చిల్లర. అదే చిల్లర దారిలో పడి కనిపిస్తే వంగి తీసుకోవడానికి కూడా బద్ధకించే మనిషి, కవర్‌కు మాత్రం ఇవ్వనంటాడు. నేనూ ఆ బాపతే. ఒకసారి గడ్డం కింది డబ్బా జారి పార్కింగ్‌లో పగిలింది. కవర్ ఖరీదుకు పదింతలు అక్కడే నేల మీద పోశాను. అయినా తర్వాతిసారి కూడా "అక్కర్లేదండీ" అనే అన్నాను.

కాబట్టి ఈ గొడవ డబ్బు గురించి అనుకుంటే మొదట్లోనే దారి తప్పుతాం.

[తెర మీద అక్షరాలు: సరుకు అసలు, కవర్ కొసరు]

కవర్‌ని మనమెప్పుడూ ఒక వస్తువుగా చూడలేదు. సరుకు కొంటే దాంతోపాటు వచ్చేది, అంతే. అసలు కొన్నవాడికి కొసరు. ఆ కొసరుకు ఒక రోజు బిల్లులో వేరే లైను వచ్చి కూర్చుంటే, కొత్తగా కొన్నట్టు అనిపించదు. ఉన్నది లాగేసుకున్నట్టు అనిపిస్తుంది.

ఈ తేడా ఎంత పెద్దదో చూపించిన ఉదాహరణ ఒకటుంది. అమెరికా రాజధాని వాషింగ్టన్ డీసీలో 2010 జనవరి 1 నుంచి ఒక్కో కవర్‌కు 5 సెంట్ల ఛార్జీ పెట్టారు. ఆ చుట్టుపక్కల కొన్ని దుకాణాల్లో దీనికి తలకిందుల పద్ధతి ఉండేది. సొంత సంచి తెచ్చుకుంటే 5 సెంట్లు తగ్గించేవారు. టాటియానా హోమనాఫ్ అనే ఆర్థికవేత్త ఈ రెండు పద్ధతులనూ పక్కపక్కన పెట్టి చూశారు. డబ్బు అంతే, 5 సెంట్లు. లెక్క ప్రకారమైతే ఫలితం కూడా ఒకేలా ఉండాలి.

డీసీ పక్కనే ఉన్న మాంట్‌గోమరీ కౌంటీలో 2012లో ఇదే ఛార్జీ పెట్టాక, కవర్ తీసుకునేవాళ్ల శాతం నలభై పాయింట్లకు పైగా పడిపోయింది. తగ్గింపు ఇచ్చిన చోట దాదాపు ఏమీ మారలేదు. 5 సెంట్లు ఇస్తామంటే జనం పట్టించుకోలేదు, 5 సెంట్లు తీసుకుంటామంటే మాత్రం ఇంటి నుంచి సంచి మోసుకొచ్చారు. వచ్చే లాభం కన్నా పోయే నష్టం మనసుకు ఎక్కువ తగులుతుందని కానెమన్, ట్వెర్‌స్కీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లోనే రాశారు. దానికి ఇంతకన్నా ఇరుకైన రుజువు దొరకదు. ఐదు సెంట్ల వెడల్పు.

[తెర మీద: ఐర్లండ్. గాలికి ఊగుతున్న చెట్టు, కొమ్మలకు చిక్కిన చిరిగిన కవర్లు.]

ఇప్పుడు ఐర్లండ్ వెళ్దాం. కొనేవాళ్ల అభిప్రాయం గురించి మాట్లాడాలంటే ఐర్లండ్‌ని దాటి వెళ్లలేం.

చెట్లకు చిక్కుకుని గాలికి రెపరెపలాడే ఈ కవర్లకు అక్కడివాళ్లు ఒక పేరు పెట్టారు. మంత్రగత్తెల నిక్కర్లు. సమస్యను జనం ఎంత దగ్గరగా చూశారో ఆ పేరులోనే ఉంది. అయినా 1999లో, మీరు కవర్‌కు ఎంత ఇవ్వగలరు అని సర్వే చేసి అడిగితే, చాలామంది అసలు ఇవ్వం అన్నారు. గరిష్ఠంగా ఎంత అన్నదానికి వచ్చిన సగటు, ఇప్పటి యూరో లెక్కలో, రెండున్నర సెంట్ల లోపే.

మామూలుగా ప్రభుత్వం ఏం చేస్తుంది? జనం రెండు సెంట్లు అంటే రెండు సెంట్లే పెడుతుంది, గొడవ లేకుండా. ఐర్లండ్ 15 సెంట్లు పెట్టింది. జనం సరే అన్నదానికి ఆరు రెట్లకు పైగా. 2002 మార్చి 4న మొదలుపెట్టారు.

[తెర మీద: 328 అనే అంకె. అది వేగంగా తగ్గుతూ 21 దగ్గర ఆగుతుంది.]

మనిషికి ఏడాదికి 328 కవర్లు వాడే దేశం, 21కి దిగింది. రోడ్ల పక్క చెత్తలో కవర్ల వాటా అంతకుముందు 5 శాతం ఉండేది, రెండేళ్లలో అర శాతం కిందికి పోయింది. ఇది బాగానే ఉంది, అంకెలు ఎవరైనా చెబుతారు. నాకు ఆసక్తి కలిగించింది మరొకటి. తిరుగుబాటు రాలేదు. ముందు ఇవ్వం అన్నవాళ్లే, తర్వాత ఇది మంచి పనేనన్నారు. సంచి తీసుకెళ్లడం మామూలైపోయింది, కవర్ చేత్తో పట్టుకుని నడిచేవాళ్లే ఎబ్బెట్టుగా కనిపించడం మొదలైంది.

అంటే ముందు అడిగినప్పుడు జనం అబద్ధం చెప్పారా? లేదు. మనల్ని ఎవరైనా "దీనికి డబ్బులిస్తారా" అని అడిగితే, మనం ప్రతిసారీ ఇచ్చుకుంటూ పోతున్నట్టు ఊహించుకుంటాం. వారానికి ఇన్ని, ఏడాదికి ఇన్ని అని లెక్కేసుకుని భయపడతాం. సంచి వెంట తెచ్చుకునే మనిషిగా మారిపోతామని మాత్రం తట్టదు. జీవితం అంతా ఇలాగే ఉంటుంది, దాని మీద ఒక ఖర్చు మాత్రం అదనంగా వచ్చి పడుతుంది అనుకుంటాం. నిజానికి మారేది ఖర్చు కాదు, తలుపు దగ్గర చెప్పులేసుకునేటప్పుడు చెయ్యి ఎటు పోతుందన్నది.

ఇంగ్లండ్‌లోనూ ఇదే జరిగింది. అక్కడ 2015 అక్టోబర్ 5న 5 పెన్నీల ఛార్జీ వచ్చింది. అంతకు ముందటి ఏడాది, పెద్ద సూపర్ మార్కెట్ కంపెనీలు ఏడు కలిసి 760 కోట్ల కవర్లు ఇచ్చాయి. ఛార్జీ వచ్చాక పరిశోధకులు జనాన్ని వెంబడించి అడుగుతూ పోతే, ఛార్జీకి మద్దతు పెరిగింది. అంతటితో ఆగలేదు, ప్లాస్టిక్ మీద వేరే రకం ఛార్జీలకు కూడా మద్దతు పెరిగింది. కవర్‌కు అలవాటు పడ్డవాళ్లకు మిగతావి అంత భయంకరంగా కనిపించలేదన్నమాట.

(ఇంగ్లండ్ రూల్స్‌లో మినహాయింపుల జాబితా ఉంది. పచ్చి మాంసం, ప్రిస్క్రిప్షన్ మందులు, ఇంకా... నీళ్లలో ప్రాణంతో ఉన్న చేప. చేపను చేత్తో పట్టుకెళ్లమనలేదు, అంత కఠినంగా లేరు.)

[తెర మీద: రసీదు. "క్యారీ బ్యాగ్" అనే లైను మీదికి కెమెరా నెమ్మదిగా జరుగుతుంది.]

మరి కోపం ఎక్కడ నిలబడిపోతుంది? ఇక్కడ. ఆ డబ్బు ఎవరి జేబులోకి పోతోంది?

ఈ వీడియో కోసం చదివినవాటిలో, విన్నవాటిలో నాకు బలంగా అనిపించిన అభ్యంతరం ఇదొక్కటే. "పర్యావరణం కోసమైతే ఇస్తా, షాపువాడి కోసమైతే ఎందుకివ్వాలి?" పైగా ఆ కవర్ మీద షాపు పేరు ఇంతలేసి అక్షరాల్లో ఉంటుంది. డబ్బిచ్చి మరీ వాళ్ల ప్రకటన ఊరంతా మోసి పెట్టాలా అని అడిగితే, తప్పేముంది? నా దగ్గర ఎదురు జవాబు లేదు.

ఐర్లండ్‌లో ఆ డబ్బు పర్యావరణ నిధికి పోయింది. డీసీలో ఎక్కువ భాగం అనకోస్టియా అనే ఒక నదిని శుభ్రం చేసే నిధికి పోయింది, ఆ నది పేరు చెప్పే ప్రచారం చేశారు. ఇంగ్లండ్‌లో అది పన్ను కాదు. డబ్బు షాపు దగ్గరే ఉంటుంది, మంచి పనులకు ఇవ్వాలని ఆశిస్తారు. "ఆశిస్తారు" అన్న మాట దగ్గర నా కనుబొమ్మ కొంచెం పైకి లేచింది. చాలా సంస్థలు ఇచ్చాయి కూడా, కాదనను. కానీ లైన్లో నిలబడ్డ మనిషికి అది తెలిసే దారి రసీదులో లేకపోతే, కోపం వచ్చి తీరుతుంది. ఆ కోపం పడేది కంపెనీ మీద కాదు, కౌంటర్‌లో ఉన్న ఆ అమ్మాయి మీద. ఆ రూలు ఆమె పెట్టలేదు, ఆ డబ్బులో ఆమెకు దమ్మిడీ రాదు, తిట్లు మాత్రం మొత్తం ఆమెకే.

ఆస్ట్రేలియాలో 2018లో ఒక పెద్ద సూపర్ మార్కెట్ చైన్ ఫ్రీ కవర్లు ఆపేసింది. జనం గోల చేశారని, మందపాటి కవర్లు ఫ్రీగా ఇస్తామని ప్రకటించింది. దాంతో పర్యావరణం వైపువాళ్లు విరుచుకుపడ్డారు. మర్నాడే మాట మార్చి, ఫ్రీ కొన్నాళ్లే అంది. చెప్పే మాట నిలకడగా లేకపోతే ఏ ఛార్జీకైనా ఇదే గతి.

[తెర మీద: వంటింటి మూల. చెత్తబుట్టకు తొడిగిన కవర్.]

రెండో అభ్యంతరం. "ఎవరండీ ఒకసారి వాడి పారేసేది? ఇంట్లో చెత్తబుట్టకు తొడుగుతాం కదా!" పర్యావరణం గురించి మాట్లాడేవాళ్లు దీన్ని కొట్టిపారేస్తుంటారు. కొట్టిపారేయకూడదు. కాలిఫోర్నియాలో కవర్లు నిషేధించిన ఊళ్ల అమ్మకాల లెక్కలు తీస్తే, చిన్న సైజు చెత్త సంచుల అమ్మకాలు రెట్టింపు దాటిపోయాయి. ఒక చేత్తో తీసేసిన ప్లాస్టిక్‌లో నాలుగో వంతుకు పైగా ఇంకో చేత్తో తిరిగొచ్చింది. మొత్తం మీద లాభమే, కానీ చెత్తబుట్టకు తొడుగుతాం అన్నవాళ్ల మాట అబద్ధం కాదు.

ఇంగ్లండ్‌లో మరో తమాషా. పల్చటి కవర్‌కు బదులు "జీవితాంతం వాడుకోండి" అంటూ మందపాటి సంచులు అమ్మారు. 2019లో వచ్చిన ఒక నివేదిక ప్రకారం బ్రిటన్‌లో ఏడాదికి 150 కోట్లు అమ్ముడుపోయాయి, ఇంటికి సగటున 54. జీవితాలెన్ని ఉన్నాయో మరి.

గుడ్డ సంచి సంగతీ చెప్పాలి. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2011లో లెక్క కట్టింది. వాతావరణం మీద పడే భారం వరకే చూస్తే, ఒకసారి వాడి పారేసిన పల్చటి ప్లాస్టిక్ కవర్‌తో సమానం కావాలంటే, ఒక కాటన్ సంచిని 131 సార్లు వాడాలి. వారానికి ఒకసారి షాపుకెళ్తే రెండున్నరేళ్లు. అది కాలవలో, చెట్టు మీద, జంతువు కడుపులో చేరే ప్లాస్టిక్ లెక్క కాదు, అది వేరే లెక్క. అయితే తలుపు వెనక మేకుకున్న నాలుగు సంచుల్ని ఒకసారి తలుచుకోండి. మూడు ఎక్కడో ఫ్రీగా ఇచ్చినవి కదూ? నావైతే అంతే.

ధర సంగతి కూడా త్వరగా అనేసుకుందాం. దక్షిణాఫ్రికాలో 2003లో అక్కడి డబ్బులో 46 సెంట్లతో మొదలుపెట్టారు. వాడకం ఒక్కసారిగా పడిపోయింది. కొన్ని నెలలకే ధర తగ్గించారు. వాడకం మళ్లీ పాకుతూ పైకొచ్చింది. ఐర్లండ్‌లో కూడా 2006 నాటికి 21 కాస్తా 31 అయింది, అందుకే 2007 జులైలో 22 సెంట్లు చేశారు. ఛార్జీ అంటే కాలిలో చిన్న రాయి లాంటిది, అలవాటైతే నొప్పి తెలియదు.

[తెర మీద: వాంకూవర్. ఒక కిరాణా షాపు గుమ్మం.]

చివరిగా కెనడా. 2019లో వాంకూవర్‌లో ఒక షాపు, ఛార్జీ ఒక్కటే చాలదనుకుని, సిగ్గు కూడా జోడించింది. కవర్ కొన్నవాళ్లకు ఇచ్చే కవర్ల మీద పెద్ద అక్షరాలతో అచ్చేయించింది. ఒకదాని మీద "పులిపిర్ల మందు, హోల్‌సేల్". ఇంకొకదాని మీద పెద్దల వీడియోల షాపు పేరు. ఇవి పట్టుకుని ఎవరు బజార్లో నడుస్తారు, రేపటి నుంచి చచ్చినట్టు సంచి తెచ్చుకుంటారు అనుకున్నారు.

జనం ఎగబడ్డారు. అన్ని రకాలూ సేకరించడానికి డబ్బులిచ్చి మరీ కొనుక్కున్నారు.

[తెర మీద: లైన్లో ఒక చెయ్యి పైకి లేస్తుంది. ఖాళీ చెయ్యి. వినిపించేది ఒక గొంతు: "పులిపిర్లది ఉందా అండీ?" బీప్.]