స్టార్టరు తిరుగుతుంది, ఇంజను తిరగదు: పళ్ళు ఎందుకు పట్టవు?

(వేట విరామ కాలంలో కళింగపట్నం తీరంలో మత్స్యకారుల ముందు చేసిన ప్రసంగం)

పెద్దలకు, మత్స్యకార సోదరులకు, తీరంలో మరమ్మతు పని నేర్చుకుంటున్న తమ్ముళ్ళకు నమస్కారం.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజుల పాటు మన తూర్పు తీరంలో వేట నిషేధం ఉంటుంది. ఈ రోజుల్లో వలలు బాగుచేసుకుంటాం, పడవలకు రంగులు వేసుకుంటాం, ఇంజను మీద మాత్రం ఒక పట్టా కప్పి వదిలేస్తాం. పట్టా వానను ఆపుతుంది గానీ ఉప్పుగాలిని ఆపలేదు. నిషేధం ముగిసిన తెల్లవారుజామున తాళం తిప్పగానే స్టార్టరు, అంటే ఇంజనును తిప్పి లేపే చిన్న కరెంటు మోటారు, గుయ్యిమని తిరిగి, ఇంజను మాత్రం కదలకుండా ఉండడం మీలో చాలామందికి అనుభవమే. ఒడ్డున జరిగితే ఒక పూట వేట పోతుంది. వంశధార నది సముద్రంలో కలిసే మొగ దగ్గర, కెరటాలు విరిగే ఇసుక మేటల మధ్య ఆగిన ఇంజను తిరిగి అందుకోకపోతే మనుషులే పోతారు. అందుకే ఈ చిన్న భాగం గురించి ఇంత వివరంగా మాట్లాడదలచుకున్నాను.

పానా పట్టుకోవడానికి ముందు చెవి ఒగ్గి వినాలి. ఏ శబ్దమూ రాకపోతే ముందుగా గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో చూడాలి, ఎందుకంటే గేరులో ఉన్నప్పుడు స్టార్టరుకు కరెంటు వెళ్ళకుండా ఆపే స్విచ్చి, పడవ వెనక తగిలించే అవుట్‌బోర్డ్ ఇంజన్లు చాలావాటిలో ఉంటుంది. టకటకమని వరసగా కొట్టుకుంటే బ్యాటరీ దిగిపోయిందనో, టెర్మినల్ వదులైందనో అర్థం. గరగరమంటే పళ్ళు అరిగాయి. గుయ్యిమని ఖాళీగా తిరిగితే మోటారు పనిచేస్తోంది గానీ, దాని ఇరుసు మీది చిన్న పళ్ళచక్రం, అంటే పినియన్, ఇంజనుకు బిగించిన పెద్ద చక్రమైన ఫ్లైవీల్ పళ్ళను అందుకోవడం లేదు. ఈ చివరి సంగతే ఎక్కువమందిని మోసం చేస్తుంది.

పినియన్ వెళ్ళి పళ్ళను పట్టుకునే పద్ధతులు రెండు. పెద్ద బోట్లలోని డీజిల్ ఇంజన్లకు సాధారణంగా సోలినాయిడ్ అనే కరెంటు అయస్కాంతపు స్విచ్చి ఒక మీట ద్వారా పినియన్‌ను ముందుకు తోసి, పళ్ళు కలిసిన తరువాతే మోటారుకు పూర్తి కరెంటు ఇస్తుంది. సెల్ఫ్ ఉన్న అవుట్‌బోర్డ్ ఇంజన్లలో ఎక్కువగా కనిపించేది బెండిక్స్. మనం రోజూ వాడే ఈ మాట విన్సెంట్ బెండిక్స్ అనే అమెరికా ఇంజనీరు పేరు. ఇందులో పినియన్‌ను తోసే మీట ఏదీ ఉండదు. మోటారు ఇరుసు మీద మరచుట్టు ఉంటుంది, పినియన్ దాని మీద బోల్టు మీది నట్టులా కూర్చుని ఉంటుంది. ఇరుసు ఒక్కసారిగా వేగం అందుకున్నప్పుడు పినియన్ తన బరువు వల్ల వెనకబడి, ఆ మరల మీదుగా పైకి ఎక్కి ఫ్లైవీల్‌ను పట్టుకుంటుంది. ఆ కుదుపు లేకుండా ఇరుసు నెమ్మదిగా కదిలితే పినియన్ ఎక్కదు, ఇరుసుతో పాటు ఉన్నచోటనే తిరుగుతుంది. అంటే పళ్ళు పట్టకపోవడం చాలాసార్లు పళ్ళ జబ్బు కాదు, కరెంటు జబ్బు.

ఒక పడవ సంగతి చెబుతాను. దాని యజమాని ఒక్క ఏడాదిలో రెండు బెండిక్స్‌లు మార్పించాడు. కొత్తది వేసిన వారం రోజులు బాగుండేది, తరువాత మళ్ళీ పాత కథే. నేను చూసినప్పుడు బ్యాటరీ 12.6 వోల్టులు చూపింది, అంటే నిండుగా ఉంది. మీటరు ఒక కొనను బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ మీద, రెండో కొనను స్టార్టరు ఒంటి మీద ఆనించి తాళం తిప్పమన్నాను. అక్కడ అర వోల్టుకు మించి కనిపించకూడదు, ఆ పడవలో మూడు వోల్టులు కనిపించాయి. బ్యాటరీ నెగెటివ్ నుంచి ఇంజను ఒంటికి వచ్చే ఎర్త్ కేబుల్ కొసన నల్లటి తొడుగు కోసి చూస్తే రాగి తీగ స్థానంలో ఆకుపచ్చటి పొడి రాలింది. తొడుగు పైకి నిగనిగలాడుతూనే ఉంది! ఆ కేబుల్ ఒక్కటి మార్చాక పాత బెండిక్సే పనిచేసింది. ఆ కుటుంబం ఏడాది పాటు అక్కరలేని సామానుకు డబ్బు పోసిందన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

కాబట్టి స్టార్టరు విప్పకముందే, తాళం తిప్పి పట్టుకున్న స్థితిలో కొలవండి. తిప్పకుండా కొలిచిన వోల్టేజికి అంత విలువ లేదు. తిప్పేటప్పుడు బ్యాటరీ దగ్గరే 9.6 వోల్టుల కంటే దిగిపోతుంటే లోపం ముందు బ్యాటరీలో వెతకండి. అక్కడ నిలకడగా ఉండి స్టార్టరు దగ్గర పడిపోతుంటే కేబుల్, జాయింట్లు, సోలినాయిడ్ లోపలి కాంటాక్టులు చూడండి.

కరెంటు సరిగా ఉన్నా పినియన్ ఎక్కకపోతే అప్పుడు ఇరుసును చూడాలి. ఇక్కడ మనలో చాలామంది మంచి మనసుతో చేసే తప్పు ఒకటుంది. తుప్పు పట్టకూడదని బెండిక్స్ మరల మీద చిక్కటి గ్రీజు మెత్తుతాం. ఉప్పు, ఇసుక, మోటారుకు కరెంటు అందించే కార్బన్ల పొడి అందులో కలిసి జిగురవుతుంది, పినియన్ కదలదు. పాత జిగురంతా కడిగి, ఆరబెట్టి, పల్చటి నూనె రెండు చుక్కలు వేస్తే చాలు. డీజిల్ స్టార్టరులోనైతే ఒక్కోసారి పళ్ళు కలిసినా, పినియన్‌ను మోటారుతో కలిపే లోపలి క్లచ్ జారి మోటారు ఒంటరిగా తిరుగుతుంది, దానిని మార్చడమే దారి. ఇంజను ఆగేటప్పుడు ఎప్పుడూ దాదాపు అవే చోట్ల ఆగుతుంది గనుక ఫ్లైవీల్ పళ్ళు కూడా అక్కడే ముందు అరుగుతాయి. చేత్తో కొంచెం తిప్పాక స్టార్టరు పట్టుకుంటే లోపం అదేనని గ్రహించాలి.

పళ్ళు పట్టి, దబ్బుమని ఆగిపోయే ఇంజనును మాత్రం మళ్ళీ మళ్ళీ తిప్పకండి. సిలిండరులో నీరు చేరి ఉండవచ్చు, బలవంతం చేస్తే పిస్టన్‌కు తగిలించిన కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. సముద్రపు నీటితోనే చల్లబడి ఆ నీటినే పొగగొట్టంలోకి వదిలే డీజిల్ ఇంజనును అందుకోనప్పుడు అదే పనిగా తిప్పితే, పంపు నీరు తోడుతూనే ఉంటుంది, దానిని బయటికి నెట్టే పొగ ఉండదు, చివరకు ఆ నీరు ఇంజనులోకే వస్తుంది. ఎక్కువసేపు తిప్పవలసి వస్తే నీటి వాల్వు మూసి తిప్పాలి, ఇంజను అందుకున్న మరుక్షణం తెరవాలి. ఏ ఇంజనుకైనా ఒక్కసారికి పది సెకన్లు చాలు, తరువాత రెండు నిమిషాలు చల్లారనివ్వాలి.

స్క్రూడ్రైవరుతో సోలినాయిడ్ టెర్మినళ్ళను కలిపి స్టార్టు చేయడం మానండి. పెట్రోలు ఆవిరి నిలిచిన చోట ఆ నిప్పురవ్వ ఒక్కటి చాలు. న్యూట్రల్ స్విచ్చి కాపలా కూడా అక్కడ పనిచేయదు, కనుక గేరులో ఉన్న పడవ మనిషి మీదికే దూకవచ్చు. విప్పే ముందు బ్యాటరీ నెగెటివ్ కేబుల్ తీసి పక్కన పెట్టండి.

ఈ బల్ల మీద రెండు పాత స్టార్టర్లు విప్పి ఉంచాను. ఒకదాని ఇరుసు కడిగినది, రెండోది గ్రీజుతో బిగిసినది. ఒక్కొక్కరుగా వచ్చి రెండు పినియన్లనూ వేలితో తిప్పి చూడండి. ఎర్త్ కేబుల్ విప్పి తెచ్చుకున్నవాళ్ళు దానిని మీటరు దగ్గర పెట్టండి, ఇప్పుడే కొలుద్దాం.